ట్రంకు పెట్టెలోని రాతలు ఎవరివి?



నన్ను హాస్టల్ అనుభవాల మీద మాట్లాడమన్నారు. సంఘం వాళ్లు ఇంకో మాట కూడా అడిగారు. "మేడం, మీరు చిన్నప్పటి నుంచి డైరీలు రాస్తారట కదా, ఇస్తే సంచికలో వేసుకుంటాం" అన్నారు. ఆ మాట మీదనే నాలుగు ముక్కలు చెప్తాను. ఈ వేసవి సెలవులంతా నేను చేసిన పని అదే.

నా రాతలు రెండు ట్రంకు పెట్టెలున్నాయి. 1991లో ఆశ్రమ పాఠశాలలో ఏడో తరగతి చదివేటప్పుడు మొదలుపెట్టాను. పాత నోట్‌బుక్కుల్లో మిగిలిన కాగితాలు చించి, దారంతో కుట్టుకుని రాసేదాన్ని. తర్వాత టీటీసీలో లెసన్ ప్లాన్ల వెనక పేజీల మీద రాశాను. వార్డెన్ అయ్యాక ఏడాదికో డైరీ. బదిలీ అయిన ప్రతిసారీ వంట సామానుతో పాటు అవి కూడా ఆటో ఎక్కాయి. ఈసారి క్వార్టర్ ఖాళీ చేస్తుంటే మా ఆయన "ఇవన్నీ చదివేదెవరు, పాత పేపర్లవాడికి వేసేద్దాం" అన్నారు. మా అమ్మాయి "అన్నీ ఫొటోలు తీసి నెట్‌లో పెట్టేద్దాం అమ్మా" అంది. నాకు రెండూ నచ్చలేదు.

పాత పేపర్లకు ఎందుకు వేయకూడదో మన జిల్లానే చెప్తుంది. మన కథలు పర్ధాన్‌ల నోట, కిక్రి తీగ మీద బతికాయి. నిజమే. కానీ నార్నూర్ మండలం గుంజాలలో పెద్దలు చేతిరాత పుస్తకాలను ఇళ్లలో దాచారు. ఆ ఇళ్లవాళ్లు పాత కాగితాలే కదా అని పొయ్యిలో పెట్టి ఉంటే, ఆ గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరేది కాదు. 1940లలో మార్లవాయిలో ఉండి మన గురించి రాసిన హైమన్‌డార్ఫ్ గారి నోట్సులు, ఫొటోలు లండన్‌లోని సోయాస్‌లో భద్రంగా ఉన్నాయి. మంచిదే. మరి మన ఆడవాళ్లు తమ చేత్తో రాసుకున్నవి ఎక్కడున్నాయి? మనం రాసుకున్నవి మనమే చులకన చేస్తే, మన గురించి ఎప్పుడూ ఇంకొకరే చెప్పాలి.

అట్లాగని అన్నీ బయట పెట్టగలనా? పెట్టెలు విప్పి వారం రోజులు చదివాక నాకు ఒకటి అర్థమైంది. రాసిన చెయ్యి నాదే గానీ, రాతలన్నీ నావి కావు. అందుకే "ఇది పనికొస్తుందా" అని చూడడం మానేసి, "ఇది ఎవరిది" అని చూశాను. మూడు కుప్పలయ్యాయి.

మొదటిది నాది. పదిహేనేళ్ల వయసు పిచ్చిరాతలు, అత్తగారి మీద అలిగి రాసినవి, అమ్మ పోయిన ఏడాది రాసినవి. అలకలన్నీ నీళ్ల కాగు కింద పెట్టాను. అమ్మ నోట్‌బుక్కు మాత్రం మా అమ్మాయికిస్తాను.

రెండోది ఊరిది. ఇప్పపువ్వు ఏ ఏడు బాగా పడింది, మా గూడేనికి కరెంటు ఎప్పుడొచ్చింది, వానాకాలం జ్వరాలకు ఏ ఇంట్లో ఎవరు పోయారు, దండారికి ఏ ఊరివాళ్లు మా ఊరికి వచ్చారు, మా నానమ్మ జొన్నచేను పనుల్లో వాడిన గోండి మాటలు. ఇవి నేను దాచుకుంటే దొంగతనమే అవుతుంది. శుభ్రంగా తిరగరాసి సంఘానికి ఇస్తున్నాను. ఒక్కటే షరతు. పెర్సపేన్ పూజ దగ్గర విన్నవి మాత్రం కటోడాను, పటేల్‌ను అడిగి, వాళ్లు సరే అంటేనే ఇస్తాను.

మూడోది పిల్లలది. నన్ను నిద్రపోనివ్వనిది ఇదే. హాస్టల్ రిజిస్టర్లో "ఇంటికి వెళ్లింది" అని ఒక్క ముక్క ఉంటుంది. ఎందుకు వెళ్లిందో నా డైరీలో ఉంటుంది. పదో తరగతిలో పెళ్లి కుదిర్చితే రాత్రికి రాత్రి నడిచి హాస్టల్‌కు తిరిగొచ్చిన పిల్ల ఉంది. తండ్రి తాగుడు సంగతి ఏడుస్తూ చెప్పిన పిల్ల ఉంది. వాళ్లు మేడంకు చెప్పుకున్నారు గానీ లోకానికి కాదు. పేర్లు తీసేసి వేయొచ్చు కదా అన్నారు కొందరు. మన ఊళ్లెంత? ఇంటిపేరు, ఏడాది తెలిస్తే చాలు, ఎవరో చెప్పేస్తారు.

వాళ్లలో ఒకామె నంబరు సంపాదించి ఫోన్ చేశాను. ఇప్పుడు నర్సుగా పనిచేస్తోంది. ఆ రాత్రి గురించి రాసిన నాలుగు పేజీలున్నాయి, ఏం చేయమంటావని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "మేడం, అవి నాకియ్యండి. నా బిడ్డకు నేనే చెప్త." పేజీలు విప్పి కవర్లో పెట్టి, ఆమె చేతికే ఇచ్చి వచ్చాను. ఆ డైరీలో ఇప్పుడు నాలుగు పేజీలు లేవు. నాకు లోటనిపించలేదు.

మిగిలిన పిల్లల పేజీలను గుడ్డలో మూటకట్టాను. ట్రంకు మూత లోపల ఒక కాగితం అతికించాను: ఈ మూట ఎవరూ చదవొద్దు, అడిగి వచ్చినవాళ్ల పేజీ వాళ్లకే ఇవ్వాలి, నా తర్వాత ఎవరూ రాకపోతే కాల్చేయాలి. మా ఆయన, మా అమ్మాయి కూడా దాని కింద సంతకం పెట్టారు.

మీ ఇళ్లలో కూడా ఇట్లాంటివి ఉంటాయి. ఉత్తరాలు, పాటల పుస్తకాలు, తాతల లెక్కల చిట్టాలు. దయచేసి పారేయకండి. తుప్పు పట్టిన పిన్నులు తీసేయండి. ప్లాస్టిక్ కవర్లో పెడితే వానాకాలం చెమ్మ పడుతుంది, నూలు గుడ్డ మేలు. లామినేషన్ వద్దు. నీడలో, పగటి వెలుతురులో ఫొటో తీసి రెండు చోట్ల దాచండి. ప్రతి పుస్తకం మీద ఎవరు రాశారు, ఏ ఊరు, ఏ ఏడాది అని పెన్సిల్‌తో రాయండి. అందరికీ చూపించే ముందు మాత్రం అందులో ఎవరి మాట ఉందో వాళ్లను అడగండి.

పిల్లలూ, మీరు రాయండి. గోండిలో రాయండి, తెలుగులో రాయండి, తప్పులుంటే ఉండనీయండి. నేను దిద్దను. మీరు చూపిస్తేనే చదువుతాను.

సెలవు. జై సేవ.