దూరమునుండి మనసు విప్పుట



జ్వరము వచ్చినప్పుడు సెలవుచీటీ వ్రాయుటకు ఏ ఉద్యోగియు సంకోచింపడు. నెలల తరబడి నిద్ర రాకపోయినను, మనసు కలత చెందినను ఆ మాట పైకి చెప్పుకొనువారు అరుదు. బదిలీపై ఢిల్లీకో నాగపూరుకో వచ్చిన తెలుగు కుటుంబమునకు ఈ చిక్కు మరింత హెచ్చు. కష్టము చెప్పుకొనవలసిన భాష ఒకటి, చుట్టును వినబడు భాష మరియొకటి. ఇట్టివారికి ఫోనుమీదను, వీడియో తెరమీదను కౌన్సిలరుతో మాటలాడు సౌకర్యము ఇటీవల అందుబాటులోనికి వచ్చినది.

ఆలోచన మాత్రము పాతదే. 1953లో లండనునందు చాడ్ వారా అను క్రైస్తవ మతాచార్యుడు ప్రాణము తీసికొనదలచినవారి కొరకు టెలిఫోను సహాయమును నెలకొల్పెను. 1959లో అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయమువారు ఇరువైపులవారికి కనబడు టెలివిజను ద్వారా సామూహిక మనశ్చికిత్సను ప్రయత్నించిరి. భారతదేశమున 2020 మార్చిలో టెలివైద్యమునకు మార్గదర్శక సూత్రములు వెలువడినవి. 2022 అక్టోబరు 10న టెలి మానస్ సేవ ప్రారంభమైనది. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ దీనికి ప్రధాన కేంద్రము. 14416 అను సంఖ్యకు రేయింబవళ్ళు రుసుము లేకుండ ఫోను చేయవచ్చును; తెలుగులోనే మాటలాడవచ్చును.

మంచి కౌన్సిలరు తెర వెలిగిన వెంటనే ఉపదేశమునకు దిగరు. ఇప్పుడెచ్చట ఉన్నారు, ప్రక్కన ఎవరైన ఉన్నారా, లైను తెగినచో ఎవరు ఎవరికి ఫోను చేయవలెను, ఆపద వచ్చినచో దగ్గరనున్న ఎవరిని పిలువవలెను అని ముందుగా అడుగుదురు. వినుటకు ఇవి గుమాస్తా ప్రశ్నలవలె ఉండును. కాని వందల మైళ్ళ దూరమునుండి చిరునామా తెలియని మనిషిని కాపాడుట అసాధ్యము. రెండు గదుల క్వార్టరులో ఏకాంతము దొరకుటయు ఒక సమస్యయే. ఇయర్‌ఫోనులు కౌన్సిలరు మాటను దాచును గాని ఇవతలివారి పలుకులు వంటయింటికి వినబడుచునే యుండును! అందుచేత పిల్లలు బడికి పోయిన వేళనో, పార్కులోని బెంచీనో ఎన్నుకొనువారు కలరు. భర్తకు భయపడు స్త్రీ విషయమున ముందే ఒక గుర్తుమాట నిర్ణయింతురు. ఆమె “పాలు పొంగుతున్నాయి” అన్నచో సంభాషణ అంతటితో ఆగును.

అమెరికా మనోవైద్యుడు ఆరన్ బెక్ (1921–2021) రూపొందించిన పద్ధతిలో చికిత్స చేయువారును, పొందువారును ఉమ్మడిగా పరిశోధన సాగింతురు. నిద్ర పట్టని ఉద్యోగిని ఉదాహరణముగా తీసికొనవచ్చును. తొలి వారము కౌన్సిలరు ఏమియు మార్పరు. ఎప్పుడు పండుకొనినది, ఎన్నిమార్లు మేలుకొనినది, పగలు ఎంత కునికినది, కాఫీ ఎన్నిసార్లు త్రాగినది వ్రాసికొనుమందురు. రెండవ వారము ఆ కాగితమును ఇరువురును కలిసి పరిశీలింతురు. శాస్త్రము చెప్పు సలహా స్పష్టమే: ఇంచుమించు ఇరువది నిమిషములలో నిద్ర రానిచో పడక విడిచి వేరొకచోట కూర్చుండవలెను, నిద్ర ముంచుకొని వచ్చినప్పుడే మరల పండుకొనవలెను, ఉదయము ప్రతిదినము ఒకే వేళకు లేవవలెను. “ఉన్నవి రెండు గదులేనండీ. ఒకదానిలో మా అమ్మ, పిల్లలు పడుకుంటారు. అర్ధరాత్రి లేచి ఎక్కడికి పోను?” అని ఉద్యోగి అడుగును. న్యాయమైన ప్రశ్న. కౌన్సిలరు ఆ ఇంటి అమరిక అంతయు చెప్పించుకొందురు. వరండాలో ఒక కుర్చీ, ఒక శాలువ, చిన్న దీపము చాలునని చివరకు ఆ ఉద్యోగియే తేల్చును. అది ఫలించినదా లేదా అనుట వచ్చే వారపు కాగితము చెప్పును. ఫలింపనిచో మరియొక ఉపాయము వెదకుదురు. ప్రతిసారి ముగింపులో “ఈనాటి మాటలలో మీకు పనికిరానిది ఏది?” అని కౌన్సిలరు అడుగుట ఈ పద్ధతిలోని మంచి ఆచారము.

ఆఫీసుకు తెలియునేమో అను భయము సామాన్యమైనది కాదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము గోప్యతను హక్కుగా గుర్తించినది. ప్రాణాపాయమును, ఇతరులకు హానిని నివారించుట వంటి కొన్ని సందర్భములు అందుకు మినహాయింపులు. మందులు వ్రాయుట కౌన్సిలరు పని కాదు. లేనివి కనబడువారిని, తక్షణ ప్రమాదములోనున్నవారిని ఆసుపత్రికి తీసికొనిపోవలసినదే. ఈ హద్దులను మొదటినాడే విప్పి చెప్పుట కౌన్సిలరు విధి. చెప్పనిచో వచ్చినవారే అడిగి తెలిసికొనవచ్చును.