శరీరపు బరువు – గొంతు క్యాన్సరు
(గ్రంథాలయ సభలో చేయబడిన ఉపన్యాస పాఠము)



పొగ త్రాగువారికి గొంతు క్యాన్సరు వచ్చునని అందఱును ఎఱుగుదురు. శరీరపు బరువునకును దానికిని సంబంధమున్నదనిన పలువురు ఆశ్చర్యపడుదురు. సంబంధము కలదు; కాని లావైనవానికి కీడు, సన్ననివానికి మేలు అన్నంత సులభముగా లేదు.

మన వాడుకలో గొంతు అనునది ఒక్కటే మాట. లోపల త్రోవలు రెండు: గాలి పోవునది ఒకటి, అన్నము దిగునది ఒకటి. కొవ్వు కీడుచేయునది ముఖ్యముగా అన్నవాహిక క్రింది కొనయందు. పొట్ట పెరిగినకొలది జీర్ణాశయముపై ఒత్తిడి హెచ్చి, అచ్చటి కవాటము సడలి, పుల్లని రసము పైకి ఎగదన్నును. రాత్రి కడుపునిండ తిని వెంటనే పండుకొన్నవారికి ఱొమ్ములో మంట, పులిత్రేన్పులు కలుగుట ఇందువలననే. ఏండ్లతరబడి ఆ రసము తగిలినచో లోపలిపొర స్వభావమే మారవచ్చును. 1950లో నార్మన్ బారెట్ అను లండను శస్త్రవైద్యుడు దీనినిగూర్చి వ్రాసెను; నేటికిని ఆ మార్పు ఆయన పేరనే పిలువబడుచున్నది. మార్పు కలిగినవారిలో క్యాన్సరు పుట్టునది కొలదిమందికే. అయినను 2016లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనసంస్థ, అధికమైన కొవ్వుతో ముడిపడిన 13 విధముల క్యాన్సరులలో దీనిని చేర్చినది.

లావెంతయో తెలిసికొనుటకు బరువును కిలోలలో తీసికొని, దానిని మీటర్లలోని ఎత్తుతో రెండుమార్లు భాగింపవలెను. 160 సెంటీమీటర్ల మనిషి 64 కిలోలు తూగిన 25 వచ్చును. మన దేశీయులకు 23 దాటినచో అధికబరువు, 25 మొదలు స్థూలకాయము.

ఇక పాలమూరు కూలివాని మాట. బక్కపలుచని వాడు, వీనికేమి భయమనుకొనుట పెద్ద పొరపాటు. భారతదేశమున అన్నవాహిక క్యాన్సరులలో హెచ్చుభాగము వేఱొక జాతిది. పొగాకు, మద్యము దానికి ముఖ్యకారణములు. స్వరపేటిక క్యాన్సరును అట్టిదే. బీడీయు మద్యమును కూడినప్పుడు కలుగు కీడు, విడివిడిగా కలుగు కీడుల మొత్తముకంటె మిక్కుటము. పొగత్రాగువారిలో సన్ననివారికే ఈ వ్యాధి ఎక్కువగా కనబడినదని పరిశోధనలు చెప్పుచున్నవి. అట్లని లావెక్కుట మందు కాదు; మానవలసినది బీడీ.

ప్రయత్నింపకయే బరువు తగ్గినచో కొందఱు సంతసింతురు. అది రోగచిహ్నము కావచ్చును. మొదట జొన్నరొట్టె దిగదు, పిదప అన్నము, తుదకు గంజియు దిగదు. మూడు వారములు దాటినను బొంగురు తగ్గకున్నను, మెడలో గడ్డ కనబడినను జాగు చేయరాదు. హైదరాబాదులో 1955లో నెలకొల్పబడిన మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సరు ఆసుపత్రి ప్రభుత్వమువారిది. ఆమనగల్లు మీదుగా బస్సెక్కిన ఆ నగరమునకు ఒక్కపూట ప్రయాణము. స్వరతంత్రులపై పుట్టిన క్యాన్సరు తొలిదశలోనే బయటపడినచో, కత్తి అవసరము లేకయే కిరణచికిత్సతో నయమై, పెక్కుమందికి మాటయు దక్కుచున్నది.