రైతు అడిగేది ట్యాంకు లెక్క

మిత్రులారా, రైతుల కోసం ఉన్న ఒక మొబైల్ యాప్‌ను రెండేళ్లుగా మా బృందం మారుస్తోంది. అందులో పురుగుమందు మోతాదు హెక్టారుకు ఇన్ని మిల్లీలీటర్లని ఉండేది. మన రైతుకు హెక్టారుతో పనేముంది? ఎకరాకు ఎన్ని ట్యాంకులు, ట్యాంకుకు ఎన్ని మూతలు, అదే ఆయన లెక్క. హెక్టారంటే దాదాపు రెండున్నర ఎకరాలు. ఆ అంకెను ఎకరాకే అనుకుంటే మందు రెండున్నర రెట్లు పడుతుంది. ఖర్చు సంగతి అటుంచండి, కొట్టేవాడి ఒంట్లోకి వెళ్లేది విషం. ఇప్పుడు యాప్ ముందు మీ ట్యాంకు ఎన్ని లీటర్లదని అడిగి, ఒక్కో ట్యాంకుకు ఎంత కలపాలో పైకి చదివి చెబుతుంది. (ఏడో తరగతి నిష్పత్తుల లెక్కే, మాస్టారూ!) మూతల కొలత మాత్రం ఒప్పుకోలేదు, సీసాకో సైజు మూత. కొలపాత్ర బొమ్మ పెట్టాం.

ఇంకొకటి. పేరు నమోదుకు పట్టాదారు పాసుపుస్తకం నంబరు అడిగేది. కౌలు రైతుకు అదెక్కడిది? సలహా చెప్పడానికి పట్టా ఎందుకండీ? ఆ గడి తీయించడానికి ఆఫీసులో మూడు నెలలు వాదించాం.

జూన్‌లో కొత్త యాప్ వస్తుంది. ముందుగా వాడి చూడటానికి మన ఊరి పత్తి రైతులు పదిమంది కావాలి, సగం మంది కౌలుదారులు. తెలిసినవాళ్లుంటే భోజనాల దగ్గర నాతో చెప్పండి.