ఒక యువ నాట్యాచార్యుని చదువు
(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగము)



బాటలను గూర్చియు, మంచినీటి బావులను గూర్చియు మేము మీతో పలుమార్లు ముచ్చటించియున్నాము. నేడు నాట్యమును గూర్చి చెప్పవచ్చితిమి. ఇది పంచాయతీ పనియా యని కొందరు నవ్వవచ్చును. కాని “పిల్లలకు నాట్యము నేర్పెదను, ఇంత చోటు చూపుడు” అని ఒక యువకుడో యువతియో మీ కార్యాలయమునకు వచ్చినచో, వారి చదువు ఎట్టిదో మీరు కనుగొనుట యెట్లు? అందులకై ఒకరి వృత్తాంతము వినుడు.

కృష్ణాజిల్లాలో మొవ్వకు చేరువనున్న కూచిపూడిని ఎరుగనివారు మనలో లేరు. గోలకొండ నవాబు తానీషా ఆ గ్రామమును నాట్యకుటుంబములకు అగ్రహారముగా నిచ్చెనని ప్రతీతి. వెంపటి చినసత్యము గారు 1929లో అచ్చటనే జన్మించిరి. కలిమి గల యిల్లు కాదు. తాడేపల్లి పేరయ్యశాస్త్రి గారి యొద్దను, వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి గారి యొద్దను, వరుసకు అన్నగారైన పెదసత్యము గారి యొద్దను వారు విద్య నభ్యసించిరి.

ఆ విద్య యెట్టిదో కొంచెము వివరముగా చెప్పవలెను. నాట్యమనగా కాళ్ళు కదపుటయే యని మనలో పెక్కురి తలంపు. కూచిపూడి బాలుడు మొదట అడవులు నేర్చును. ఒక్కొక్కటి మూడు కాలములలో, కాలు తడబడనంతవరకు. తాళము చేతితో వేయవలెను, జతులు నోటితో చెప్పవలెను. హస్తముల పేర్లకును వినియోగములకును శ్లోకములు కంఠస్థము కావలెను. భామాకలాపమున సత్యభామ వేషము వేయువాడు ఆడుట మాత్రమే కాదు, దరువు తానే పాడవలెను, వచనము తానే పలుకవలెను. ఉచ్చారణ చెడినచో వేషము చెడినట్లే. ఇది ఆరునెలలలో ముగియు చదువు కాదని వేరుగా చెప్పనేల?

1947లో చినసత్యము గారు మదరాసు చేరిరి. అప్పటికి వారికి ఇరువది యేండ్లయినను నిండలేదు. చలనచిత్రములలో నృత్యములు కూర్చుటలో పెదసత్యము గారికి తోడ్పడిరి. పిల్లలకు పాఠములు చెప్పిరి. 1963లో అచ్చటనే కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించిరి. పూర్వము ఆ కుటుంబముల మగపిల్లలకే దక్కుచుండిన విద్యను, ఏ యింటివారైనను, ముఖ్యముగా ఆడపిల్లలు, అచ్చట నేర్చుకొనగలిగిరి. వారికి 1998లో పద్మభూషణ బిరుదము లభించెను. 2012లో పరమపదించిరి.

ఇంతటివారు మదరాసు కేల పోవలసి వచ్చెను? విద్య గ్రామమున నున్నది, కూడు పట్టణమున నున్నది. మాకు తోచిన కారణమిదియే. ఏలూరు న్యాయవాది, నటుడు బందా కనకలింగేశ్వరరావు గారు కూచిపూడిలోనే సిద్ధేంద్ర కళాక్షేత్రమునకు పాటుపడుట ఈ లోటు తీర్చుటకే యని మేము తలంతుము.

కావున మీ యూరికి వచ్చిన ఉపాధ్యాయుని యోగ్యతాపత్రము చూచుట మంచిదే. కాని అంతటితో ఆగకుడు. ఏ గురువు నొద్ద, ఎన్ని యేండ్లు నేర్చితిరో అడుగుడు. తాళము వేయుచు ఒక జతి చెప్పుమనుడు. నిజముగా నేర్చినవారు ఇందులకు నొచ్చుకొనరు.

చోటు విషయమున ఒక్కమాట. సిమెంటు నేలపై, బండలపై నిత్యము పాదము తాటించినచో పిల్లల మోకాళ్ళు చెడును. చదునుగా అలికిన మట్టినేల మేలు. చెక్కపలకలు పరువగలిగినచో మరియు మేలు. పాఠము ప్రొద్దుగ్రుంకక మునుపే ముగియునట్లు వేళ నిర్ణయింపుడు. ఆడపిల్లల తల్లుల మొదటి ప్రశ్న అదియే. మొదటి యేడు పిల్లలు అడుగులే వేయుచుందురు. పండుగకు ఒక నృత్యము కావలెనని ఉపాధ్యాయుని తొందరపెట్టకుడు. ఇచ్చెదమన్న జీతము కొంచెమైనను సరే, నెల తప్పక ఇండు. అది తప్పిననాడు వారును పట్టణపు బస్సెక్కుదురు.