రైలుకట్ట క్రింది సైకిలు బాట



పట్టణములలో సైకిలు బాటలు, ముఖ్యముగా రైలుకట్ట క్రిందను, కట్టడపు పనులు జరుగు తావులందును, ఎట్లుండవలెనో నేడు మనవి చేయదలచితిని. పట్టణముల సంగతి పల్లెపెద్దలకేల యని కొందరనుకొనవచ్చును. తెల్లవారకమునుపే పాలక్యానులు తగిలించుకొని పట్టణమునకు పోవువాడు మన ఊరివాడే. తాపీని, బొచ్చెను సైకిలుకు కట్టుకొని పనికి పోవువాడు మనవాడే. సద్దిడబ్బా వెనుక పెట్టుకొని ఉన్నత పాఠశాలకు పోవు బాలిక మన యింటి పిల్లయే. బాట పట్టణముది, దానిపై పోవు ప్రాణము మనది.

పూర్వము రైలుపట్టాలను గేటుకడ దాటెడివారము. 2014 జూలై 24వ తేదీన మెదకు జిల్లా మాసాయిపేటయొద్ద కాపలాలేని గేటున బడిబస్సును రైలు ఢీకొనగా పలువురు పసిపిల్లలు మృతినొందిరి. ఆ దుఃఖము మనమెవ్వరము మరువలేదు. 2019 జనవరి చివరకు దేశమునందలి బ్రాడ్‌గేజి మార్గములపై కాపలాలేని గేట్లన్నియు తొలగింపబడినవి. కొన్నియెడల కాపలా నుంచిరి. అనేకస్థలముల కట్ట క్రింద దారి తొలిచిరి. దీనినే జనులు అండర్‌బ్రిడ్జి యందురు. రైలు భయము తీరినది, సంతోషమే. కాని పల్లమునకు దిగిన దారికి నీటిభయము, చీకటిభయము, ఇరుకుభయము క్రొత్తగా వచ్చినవి. 2021 అక్టోబరులో తిరుపతిలో అండర్‌బ్రిడ్జి నీటిలో బండి చిక్కుకొని యాత్రకు వచ్చిన యొక నవవధువు మరణించెను. 2022 జూలైలో మహబూబునగరము సమీపమున నట్టి దారిలోనే బడిబస్సు మునుగగా, పిల్లలను దైవకృపచేతను, దగ్గరివారి సాహసముచేతను బయటికి తెచ్చిరి. బస్సుకే యట్లయినచో సైకిలుపై బాలికమాట చెప్పవలెనా?

నేను పనిచేసిన పాఠశాలకు వచ్చు దారిలో నట్టిదే యొకటి కట్టుచుండిరి. రేకులు పాతి దారిలో సగము మూసిరి. మిగిలిన సగమున లారీలు, ఆటోలు, సైకిళ్లు ఒకదానినొకటి రాచుకొని పోవలసివచ్చెను. వానాకాలమున నొకనాడు తొమ్మిదవ తరగతి చదువుచున్న నా శిష్యురాలు లారీకి ఒదిగి, మోకాలిలోతు నీటిలో సైకిలు నడిపించుకొనుచు, మూతలేని కాలువలో పడి చేయి విరుగగొట్టుకొనెను. తండ్రి సైకిలును అటక యెక్కించెను. నేను వారి యింటికి పోయి బ్రతిమాలితిని. ఆయన, "పంతులుగారూ, చదువు లేకపోయినా పిల్ల బతికుంటుంది గదండీ" అనెను. నలుబది యేండ్లు పాఠములు చెప్పిన నాకు ఆ మాటకు సమాధానము దొరకలేదు. ఆ బాలిక మరుసటి జూనులో గాని మరల బడికి రాలేదు. ఒక యేడు పోయెను.

అది మొదలు కట్టడముల సంగతి తెలిసినవారిని అడిగి కొంత నేర్చుకొంటిని. వారు చెప్పినదాని సారమిది. క్రిందదారిలో లారీ పోవలెనన్న ఇంచుమించు 5.5 మీటర్ల ఎత్తు కావలెను. సైకిలుపై నున్నవానికి 2.5 మీటర్లు చాలును. కావున సైకిలు బాటను లారీబాటకు 3 మీటర్లు పైగా, గోడప్రక్క అరుగువలె కట్టవచ్చును. 30 మీటర్లకు 1 మీటరు చొప్పున వాలు పెట్టినయెడల, ఒక్కొక్క ప్రక్కను 90 మీటర్ల ఎక్కుడు తగ్గును. పాలక్యానులు మోయువాని మోకాళ్లకు ఆ 90 మీటర్ల విలువ తెలియును. అంతేకాక, వాననీరు మొదట లారీబాటలోనే చేరును గనుక అరుగు తేలియుండును. ఒక్క యుపాయమున రెండు మేళ్లు. పొడవు లారీలు పోని చిన్న క్రిందదారులలో నంత యెత్తు దొరకదు. అచ్చటను అరమీటరు అరుగైనను మేలే. రెండు సైకిళ్లు ఎదురెదురుగా పోవుటకు 2 మీటర్లకు తక్కువ వెడల్పు కూడదు. తెల్లరంగు గీత మాత్రము గీచి యిదియే సైకిలు బాట యనుట చాలదు. గీత లారీనాపదు, గట్టు ఆపును.

హాలండు దేశమున ఆమ్‌స్టర్డాము నగరపు పెద్ద స్టేషను క్రింద 2015లో 110 మీటర్ల పొడవున నొక దారి తెరచిరి. అందు మోటారు బండికి చోటు లేదు. సైకిళ్లకొక భాగము, పాదచారులకు కొంచెము ఎత్తున వేరొక భాగము. దారి తిన్ననిది, దీపములు గలది. ఈ చివర నిలిచిన ఆ చివర వెలుగు కనబడవలెను. మలుపుచాటున ఎవడో పొంచియున్నాడను భయము స్త్రీలకు కలుగరాదు. ఎండలోనుండి చీకటిలోనికి దిగునపుడు కన్ను క్షణకాలము గ్రుడ్డిదగును గనుక పగలును దీపముండవలెను. కాలువపై ఇనుపకమ్ములు చక్రమునకు అడ్డముగా నుండవలెను. నిలువుగా నున్నచో సన్ననిచక్రము వానిసందున దిగి మనుష్యుని పడవేయును. నీరెంత చేరినపుడు దిగరాదో తెలియుటకు గోడపై ఎర్రగీత యుండవలెను.

కట్టడము సాగునపుడు మరియొక నియమము కలదు: క్రొత్త త్రోవ చూపక పాత త్రోవ మూయరాదు. ఆ తాత్కాలికపు త్రోవ ఇసుకతోను, కంకరతోను నిండరాదు. గోతులపై పరచు ఇనుపరేకులు తడిసిన జారును. గోతికి గట్టికంచెయు, రాత్రి దీపమును ఉండవలెను. "సైకిలు దిగి నడువుడు" అని పలక వ్రేలాడగట్టుటతో ధర్మము తీరదు.

వ్యాకరణము చదివినవాడను గనుక నాకొక పోలిక తోచుచున్నది. ఆదేశము శత్రువువంటిదని పెద్దలందురు. ఉన్న యక్షరమును వెడలగొట్టి తాను కూర్చుండును. ఆగమము మిత్రునివంటిది, ఉన్నదానిని చెరుపక ప్రక్కన చేరును. క్రొత్తకట్టడము సైకిలువానికి ఆగమము కావలెను గాని ఆదేశము కారాదు.

హైదరాబాదులో 2023లో ఔటర్ రింగురోడ్డు ప్రక్కన, పైన సౌరఫలకముల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు బాట తెరచిరి. సంతోషింపదగినదే. కాని మన బాలికకు కావలసినది కట్ట క్రింద నూరుగజముల క్షేమము. కట్ట తొలిచి సిమెంటుపెట్టె త్రోసిన పిమ్మట దానిని వెడల్పు చేయుట మిక్కిలి కష్టము. అడుగవలసిన సమయము మేకులు పాతునపుడే, నక్ష గీయునపుడే.

కనుక గ్రామపెద్దలారా, మీ దారిలో నట్టి పని మొదలగునని విన్నంతనే నలుగురు కలిసి పొండు. బడి యున్న నాడొకటి, సంతనాడొకటి, ఉదయము 7 గంటలనుండి 9 వరకు కట్టకడ కూర్చుండి ఎన్ని సైకిళ్లు పోవునో, అందు బాలికలెందరో వ్రాసికొనుడు. ఆ లెక్కతో పురపాలకసంఘమువారికిని, రైల్వే ఇంజనీరుగారికిని అర్జీ యిండు. మా ఊర నటులే చేసితిమి. గట్టు, మూత, దీపము వచ్చినవి. ఆలస్యముగా వచ్చినవి, నక్షనాడే అడిగియున్నచో ఆ బాలిక యేడు పోకుండెడిది.

ఆ తండ్రికి నేనీయలేని సమాధానము మాటలలో లేదు. పిల్ల పోవుదారిలో నున్నది. సెలవు.