వేంపల్లె రాతి గుబ్బలు – కడలి పగడములు



వేంపల్లె ప్రాంతపు డోలమైటు రాతియందు ఉల్లిపొరలవంటి గీతలును, బోర్లించిన గిన్నెలవంటి గుబ్బలును కనిపించును. అవి రాయిగా మారిన పగడములని తలచు వారును కలరు. వానచుక్కకే కరవైన ఈ సీమలో సముద్రప్రాణులకు చోటెక్కడిదని నవ్వు వారును కలరు. నవ్విన వారిది పూర్తిగా పొరపాటు. పగడమన్న వారిది సగము.

సముద్రము నిక్కముగా నుండెను. లోతులేని ఆ యుప్పునీటి యడుగున, సుమారు 190 కోట్ల సంవత్సరములకు పూర్వము, కంటికి కానరాని సూక్ష్మజీవులు జిగురుచాపవలె పరచుకొని ఎండవలన బ్రతికినవి. సున్నపు నలుసు మీద పడి కప్పినప్పుడెల్ల వెలుగుకొఱకు పైకి ప్రాకినవి. అట్లు పొరపై పొరగా పెరిగిన కట్టడమునకు స్ట్రొమటోలైటని పేరు. పగడపు జాతి పుట్టుటకు అప్పటికింకను నూఱుకోట్ల యేండ్లకు మించి వ్యవధి యున్నది! ఆస్ట్రేలియా పడమటి తీరమున షార్క్ బే యందు ఇట్టి కట్టడములు నేటికిని సజీవముగా పెరుగుచున్నవి. కడప, కర్నూలు శిలలనుగూర్చి విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు 1872లోనే గ్రంథము ప్రకటించెను.

మఱి పగడమన నేమి? ఉంగరమున పొదుగు ఆ రత్నము రాయి కాదు. పాలిప్ అను చిన్నజీవుల సంఘము కట్టుకొన్న యెముకల గూడు. ఒక్కొక్క పాలిప్‌నకు సంచివంటి యొడలు, నోటిచుట్టు వ్రేళ్లవంటి స్పర్శకములు నుండును. ఒకటి మొగ్గతొడిగి పలువు రగును. ఆ పలువురును విడిపోక ఉమ్మడి కాపురము చేయుదురు.

వీని దాయాదులే జోవాంథిడ్లు. వీనికి సున్నపు టెముక లేదు. చాపవలె రాతిని కప్పుకొనును. కొన్ని ఇసుకరేణువులను ఒంటిలో పొదుగుకొని గట్టిపడును. పెక్కింటి కణములలో సూక్ష్మమైన నాచు కాపురముండి, ఎండతో వండిన తిండిలో భాగమును, కౌలుదారు గుత్త చెల్లించినట్లు, చెల్లించుచుండును.

పూలవలె రంగురంగులుగా నుండుటచే నగరవాసులు వీనిని గాజుతొట్లలో పెంచుచున్నారు. కాని కొన్నిటియందు పాలిటాక్సిన్ అను ఘోరవిషము కలదు. హవాయి ద్వీపములలో దొరకు అట్టి జీవినుండి 1971లో దానిని వేఱుచేసిరి. తొట్టిలోని రాతిని శుభ్రపఱుప మరిగించి, ఆవిరి పీల్చి ఇంటివారందఱు ఆస్పత్రిపాలైన సంగతులు వైద్యపత్రికలలో నున్నవి. వట్టిచేత తాకుటయు ప్రమాదమే.

వేంపల్లె గుబ్బరాతికి ఆ భయము లేదు. రాజస్థానమున భోజుంద యందు ఇట్టి శిలలనే జాతీయ భూగర్భస్మారకముగా ప్రకటించియున్నారు. పొలముగట్టున ఊడిపడిన ముక్క దొరకినచో కంకరకు పగులగొట్టక గ్రంథాలయపు బీరువాకు చేర్చుడు. ప్రక్కనే ఒక భూతద్దము నుంచినచో పిల్లలు పొరలు లెక్కింతురు.