ఒక్క పేజీ
(పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగం)

 

చెరుకు బండ్ల వెనక ఉరికి గడలు గుంజుకున్న బ్యాచ్ మాది. 1937లో మొదలైన బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. ఆ రోజుల్లోనే నేనూ వేరేచోట ఉద్యోగం పోగొట్టుకుని, 'బాయిలర్ కన్సల్టెంట్' అని కార్డు కొట్టించాను. నిజామాబాద్ చుట్టూ రైస్ మిల్లులన్నీ తిరిగి పంచాను. అందరికన్నా తక్కువకే చేస్తానన్నాను. పని వచ్చింది, పైసలు రాలేదు. ఒకాయన అర్ధరాత్రి పిలిపించుకుని, ఆర్నెల్లకు సగమే ఇచ్చాడు. ఆ ఏడు మా అమ్మాయి ఫీజు అప్పు చేసి కట్టాను.

తర్వాత ఒక అలవాటు చేసుకున్నాను. పని అయ్యాక ఓనరుకు తెలుగులో ఒక్క పేజీ రాసిస్తాను. ఏం చూశాను, ఏం బాగుచేశాను, ట్యూబుల్లో స్కేలు ఎంత పట్టింది, వదిలేస్తే ఊక ఎంత ఎక్కువ కాలుతుంది. అంతే. ఓ ఓనరు దాన్ని తన బావమరిదికి చూపించాడు. ఆయన ఫోన్ చేసి రేటు అడగలేదు, ఎప్పుడొస్తారని అడిగాడు! కార్డు చూసి అట్లా ఎవరూ అడగలేదు.

సీజన్ లేనప్పుడు పాతవాళ్లకు ఫోన్ చేసి బాయిలర్ ఎట్లా నడుస్తోందని అడుగుతాను. పని అడగను.

సగం అడ్వాన్స్ అడగడమే కష్టమైంది. సార్లు అన్నీ నేర్పారుగానీ, అదొక్కటి నేర్పలేదు. అడిగినందుకు ఇద్దరు పోయారు. వాళ్లలో ఆ అర్ధరాత్రి ఆయన ఒకడు.

సొంతంగా పని మొదలుపెట్టిన తమ్ముళ్ల కోసం ఆ పేజీ నమూనాలు బయట టేబుల్ మీద పెట్టాను. తప్పులుంటే తెలుగు సారు మన్నించాలి.